మరుగుదొడ్డి నేల జారకూడదు
(మహాసభలో ఒక సభ్యురాలి ప్రసంగం)



మా మరుగుదొడ్డికి నున్నటి టైల్స్ వేయించింది నేనే. చూడ్డానికి బాగుంటాయనుకున్నా. ఒకరోజు తడిలో మా అత్తమ్మ జారిపడింది. ఎముక విరగలేదు గానీ భయం పట్టుకుంది. మళ్లీ అందులోకి పోవాల్సొస్తుందని మంచినీళ్లు తాగడమే తగ్గించేసింది. అది చూడలేక టైల్స్ తీయించేశాం.

ఇప్పుడు సిమెంటు గచ్చు. పచ్చిగా ఉన్నప్పుడే మేస్త్రి చీపురుతో పైపైన గీతలు లాగాడు. గీతలు లోతైతే మురికి పట్టుకుంటుంది. బేసిన్ వైపు అడుగుకు పావు అంగుళం వాలు పెట్టించాం, నీళ్లు నిలవవు. వారం రోజులు తడిపాం, అప్పుడే గచ్చు గట్టిపడుతుంది. మట్టినేల మాత్రం వద్దు. శుభ్రంగా కడగలేం, కొంకి పురుగులు అరికాళ్లలోంచి ఒంట్లోకి చేరతాయి.

గడప తీసేశాం. పట్టుకుని లేవడానికి గోడకు ఇనుప పైపు బిగించాం. చక్రాల కుర్చీ వాడేవాళ్లుంటే తలుపు మూడడుగుల వెడల్పుండాలి.

టైల్సే కావాలంటే గరుకువి అడగండి. కొనేముందు నీళ్లు పోసి, చెప్పులు విడిచి, కాలు పెట్టి చూడండి. నేల వేసే రోజు మేస్త్రి దగ్గరే ఉండండి. ఇప్పుడు మా అత్తమ్మ ఒక్కతే వెళ్లొస్తోంది, కడుపునిండా నీళ్లు తాగుతోంది.

సెలవు.