పైలట్ సీటు దొరకని అమ్మాయి

రాజమండ్రిలో తరాల పిల్లలకు లెక్కలు నేర్పిన మాస్టారి పేరిట జరుగుతున్న ఈ సభలో అంతరిక్షం గురించి మాట్లాడమన్నారు. గోదావరి వాళ్ళం కాబట్టి శ్రీహరికోటకు తణుకు మీదుగా వెళదాం.

ముళ్ళపూడి హరిశ్చంద్రప్రసాద్ గారు 1947లో తణుకులో ఆంధ్రా షుగర్స్ స్థాపించింది చెరకు ఆడటానికి. దశాబ్దాల తర్వాత ఆ సంస్థే ఇస్రో కోసం యూడీఎంహెచ్ అనే ద్రవ ఇంధనం తయారీకి పూనుకుంది. మహా విషపదార్థం అది. రాకెట్‌లో దానికి జోడీ అయిన నైట్రోజన్ టెట్రాక్సైడ్ తగిలిందంటే నిప్పురవ్వ అక్కర్లేకుండానే భగ్గుమంటుంది. పీఎస్ఎల్‌వీ రెండో దశలో ఉండే వికాస్ ఇంజన్‌కు ఈ గుణమే ప్రాణం. 2008లో చంద్రయాన్-1నీ, 2013లో మంగళయాన్‌నీ పైకి చేర్చింది పీఎస్ఎల్‌వీయే. చెరకు బండ్లు బారులు తీరిన ఊరికి ఆ ప్రయాణాల్లో వాటా ఉందని మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు? మన బడుల్లో ఇది చెప్పకపోవడం నాకు బాధగా ఉంటుంది.

ఇక పైకి వెళ్ళిన మనిషి సంగతి. బండ్ల శిరీష మన పక్క డెల్టా బిడ్డ, గుంటూరు జిల్లా మూలాలున్న అమ్మాయి. పెరిగింది అమెరికాలోని హ్యూస్టన్‌లో. వ్యోమగామి కావాలన్నది చిన్ననాటి కోరిక. పైలట్ అయి ఆ దారిన నాసాకు వెళ్ళాలనుకుంది. చూపు సరిగా లేక ఆ తలుపు మూసుకుపోయింది. అప్పుడామె పర్డ్యూ విశ్వవిద్యాలయంలో ఏరోస్పేస్ ఇంజనీరింగ్ చదివింది. నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ చదివింది కూడా అక్కడే. కొంతకాలం ఇంజనీరుగా పనిచేసి, 2015లో వర్జిన్ గెలాక్టిక్ అనే అంతరిక్ష యాత్రల సంస్థలో చేరింది.

2021 జులై 11న న్యూమెక్సికోలో పెద్ద విమానం రెక్క కింద వేలాడుతూ ఆ సంస్థ వారి యూనిటీ నౌక శిరీషను ఎక్కించుకుని పైకి లేచింది. సుమారు 14 కిలోమీటర్ల ఎత్తున విడిపడి, ఒక్క నిమిషం రాకెట్ మండించి, 86 కిలోమీటర్ల దాకా వెళ్ళింది. అంతరిక్షం హద్దు 100 కిలోమీటర్లని కొందరు వాదిస్తారు, అమెరికా లెక్కలో 80. నాకు ఆ తగవు కంటే ఆమె చేతిలో ఉన్నవి ముఖ్యం. అవి ఫ్లోరిడా విశ్వవిద్యాలయం వాళ్ళిచ్చిన గొట్టాలు, వాటిలో చిన్న మొక్కలు. రాకెట్ మండకముందు ఒకసారి, బరువు పోగానే ఒకసారి, బరువు తిరిగి వచ్చే వేళ ఒకసారి, గొట్టంలోని మందు మొక్కకు తగిలేలా చేయాలి. మొక్క ఆ క్షణంలో ఎలా ఉందో అలాగే నిలిచిపోతుంది. భారం మారితే దాని జన్యువులు ఏం చేస్తాయో తర్వాత ప్రయోగశాలలో చదువుకోవచ్చు. తేలిపోతున్న ఆ మూడు నాలుగు నిమిషాల్లో కిటికీలోంచి భూమి కనిపిస్తుంటే, చేతిపని తప్పకుండా చేయడం ఎంత కష్టమో ఊహించండి.

మనుషులను అంతరిక్షానికి పంపే ఇస్రో పథకం గగన్‌యాన్‌కు 2024లో ప్రకటించిన నలుగురూ వైమానిక దళ టెస్ట్ పైలట్లే. తొలి ప్రయాణాలకు అది సబబే. వాళ్ళు ఎక్కబోయే రాకెట్‌లోనూ రెండు వికాస్ ఇంజన్లున్నాయి. ఆ తర్వాతి జట్లలో మాత్రం ఇంజనీర్లకు, శాస్త్రజ్ఞులకు, కళ్ళజోడు పెట్టుకున్న ఆడపిల్లలకు చోటివ్వాలని ఇస్రో పెద్దలను ఈ వేదిక మీంచి అడుగుతున్నాను.