యూసుఫ్‌గూడ పెరటి పిట్టలు

యూసుఫ్‌గూడలో కృష్ణకాంత్ పార్కు, కాస్త అవతల సుమారు 390 ఎకరాల కేబీఆర్ పార్కు. 1998లో జాతీయ ఉద్యానవనమైన ఆ అడవి నుంచి అప్పుడప్పుడు నెమళ్లు జూబ్లీహిల్స్ పిట్టగోడల మీదికీ వస్తాయి. పికిలిపిట్టలైతే మన కరివేపాకు చెట్టుకు నిత్యం వచ్చే చుట్టాలే.

తీరిగ్గా చూడాల్సింది మాత్రం తేనెపిట్టను. పూలకుండీ కొమ్మకో, వేలాడే తీగకో ఆడపిట్ట ఒక్కతే గూడు కడుతుంది. గడ్డిపోచలు, బెరడు ముక్కలు ముక్కున కరిచి తెచ్చి, సాలెగూటి దారాలతో అతికిస్తుంది. పక్కన చిన్న వాకిలి, దానిపైన చూరులాంటి పంచ. ఎంత పొందికైన పనో! మగది జతకట్టే కాలంలో నల్లగా ఉండి, ఎండ పడితే ఊదాగా మెరుస్తుంది. తర్వాత ఆ మెరుపు పోయి, పసుప్పచ్చని ఒంటిమీద గొంతు నుంచి ఒక నల్లచార మిగులుతుంది. చాలామంది వేరే పిట్టేమో అనుకుంటారు.

1931-32లో పక్షిశాస్త్రవేత్త సలీం అలీ నాటి హైదరాబాద్ సంస్థానంలో తిరిగి పక్షుల సర్వే చేశారు. మన పెరట్లో చూసినవి మనమూ తేదీ వేసి రాసుకోవచ్చు.

తేనెపిట్ట స్కూటర్ అద్దంలో తన ప్రతిబింబాన్నే పగవాడనుకొని పొడుస్తుంటే, అద్దం మీద గుడ్డ కప్పండి. గూడున్న కొమ్మను పిల్లలు ఎగిరిపోయేదాకా కత్తిరించకండి. మూకుట్లో నీళ్లు పెడితే రోజూ మార్చండి.