విలువలకు మన దినచర్యలో చోటుందా?

(నాందేడ్‌లో తెలుగు క్రైస్తవ యౌవనస్థుల కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ పూట నాకిచ్చిన అంశం "మన విలువలు, నిస్వార్థ సేవ". మీలో ఎవరిని అడిగినా, మనిషికి మంచి విలువలుంటే మంచి పనులు వాటంతట అవే వస్తాయని చెబుతారు. సండేస్కూల్లో మనం నేర్చుకున్నదీ అదే. కానీ అది సగం నిజం మాత్రమే. మిగతా సగం తెలియకపోవడం వల్లే మన సంఘాల్లో ప్రసంగాలు పెరుగుతున్నాయి గాని పరిచర్య పెరగడం లేదు.

1973లో జాన్ డార్లీ, డేనియల్ బ్యాట్సన్ అనే ఇద్దరు అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక పరిశోధన ప్రచురించారు. ప్రిన్స్‌టన్ వేదాంత కళాశాల విద్యార్థులు నలభై మందిని తీసుకున్నారు. రేపో మాపో పాస్టర్లు కాబోయే పిల్లలు. పక్క భవనానికి వెళ్లి చిన్న ప్రసంగం చేయమన్నారు. కొందరికి ఇచ్చిన అంశం మంచి సమరయుడి ఉపమానం. మిగతావాళ్లకు ఉద్యోగాల గురించిన మామూలు అంశం. దారిలో ఒక గుమ్మం దగ్గర ఒక మనిషి కూలబడి, దగ్గుతూ మూలుగుతూ ఉంటాడు. అతణ్ని అక్కడ కూర్చోబెట్టింది పరిశోధకులే. ఆ సంగతి విద్యార్థులకు తెలియదు.

బయల్దేరే ముందు కొందరితో "మీకింకా సమయముంది" అన్నారు. కొందరితో "సరిగ్గా టైమయింది, వెళ్లండి" అన్నారు. కొందరితో "ఇప్పటికే ఆలస్యమైంది, త్వరగా వెళ్లండి" అన్నారు. తీరిక ఉన్నవాళ్లలో 63 శాతం మంది ఆగి సాయం చేశారు. టైమయిందన్నవాళ్లలో 45 శాతం. ఆలస్యమైందనుకున్నవాళ్లలో 10 శాతమే. తలలో ఏ అంశం తిరుగుతోందన్నది పెద్ద తేడా తేలేదు. సమరయుడి గురించి చెప్పడానికి పోతూ, పడి ఉన్న మనిషిని దాటుకుని వెళ్లినవాళ్లు కూడా వాళ్లలో ఉన్నారు.

ఈ లెక్క విని నవ్వుకోకండి. నేనూ వేదాంత కళాశాలలో చదివినవాణ్నే. ఈ పరిశోధన ముందుగా తట్టేది మా పాస్టర్ల తలుపే.

మరి ఆ పిల్లలకు విలువలు లేవా? ఉన్నాయి. లేకపోతే ఆ చదువుకే వచ్చేవారు కాదు. అయితే మన లోపల విలువ ఒక్కటే ఉండదు. కరుణ ఉంటుంది, టైముకు చేరాలన్నదీ ఉంటుంది. పేరు, ఉద్యోగం, కుటుంబం, ఇంకా ఎన్నో ఉంటాయి. దారిలో ఒక మనిషి పడి ఉన్నప్పుడు ఇవన్నీ పోటీ పడతాయి. ఏ విలువకు మనం ముందే మన దినంలో, మన జేబులో చోటిచ్చి పెట్టామో అదే గెలుస్తుంది. ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఈ ఒక్క మాటే.

ఇప్పుడు లూకా సువార్త పదో అధ్యాయంలోని ఆ ఉపమానాన్ని మళ్లీ చూడండి. సమరయుడు తీరిక ఉండి వచ్చినవాడు కాదు, అతడూ ప్రయాణంలోనే ఉన్నాడు. అతడు జాలిపడ్డాడని ఒక్క మాటలో చెప్పి, ఆ తర్వాత యేసు ప్రభువు చెప్పినవన్నీ ఖర్చుల లెక్కే. నూనె పోయింది, ద్రాక్షారసం పోయింది. తాను ఎక్కిన వాహనం మీద అతణ్ని ఎక్కించాడు. రాత్రి అతని దగ్గరే గడిపాడు. తెల్లవారి రెండు దేనారాలు తీసిచ్చాడు. పూటకూళ్లవాణ్ని కూడా ఈ పనిలో కలుపుకున్నాడు, ఇంకేమైనా ఖర్చయితే తిరిగి వచ్చినప్పుడు ఇస్తానని బాకీ తన నెత్తిన వేసుకున్నాడు. అతని జాలికి ఒక మొదలుంది, ఒక ఏర్పాటుంది, మళ్లీ వస్తానన్న మాట ఉంది.

మన నాందేడ్‌లో ఇలాంటి ఏర్పాటును చూడటానికి దూరం పోనక్కర్లేదు. గురు గోవింద్ సింగ్ 1708లో ఈ ఊళ్లోనే కన్నుమూశారు. ఆ చోట వెలసిన హజూర్ సాహిబ్ గురుద్వారా మనందరికీ తెలుసు. అక్కడి లంగర్‌లో మీలో చాలామంది భోజనం చేసే ఉంటారు. మీ కులం ఏమిటి, మతం ఏమిటి అని ఎవరైనా అడిగారా? అందరూ ఒకే వరసలో నేల మీద కూర్చుంటారు. కానీ మీరు గమనించవలసింది మరొకటి ఉంది. ఆకలిగొన్నవాడు వచ్చి, వాణ్ని చూసి ఎవరో జాలిపడి, అప్పుడు పొయ్యి వెలిగించరు. అతడు రాకముందే పిండి తడిపి ఉంటుంది, పప్పు ఉడికి ఉంటుంది. ఒకరు కూర తరుగుతారు, ఒకరు రొట్టెలు కాలుస్తారు, ఒకరు కంచాలు కడుగుతారు. ఆ రోజు వాళ్లకు జాలి కలిగిందా లేదా అన్న ప్రశ్నే లేదు. విలువ అక్కడ వేళగా, వంతుగా మారింది.

సిక్కు సంప్రదాయంలో భాయీ కన్హయ్య గురించి చెబుతారు. ఆనంద్‌పూర్ యుద్ధంలో గాయపడినవాళ్లకు నీళ్లు పట్టడం ఆయన పని. శత్రు సైనికులకు కూడా పట్టాడు. తోటివాళ్లు గురువుకు ఫిర్యాదు చేశారు. గాయపడినవాళ్లలో తనకు మిత్రుడూ శత్రువూ వేరుగా కనిపించలేదని ఆయన జవాబు. గురువు ఆయనను మందలించలేదు, గాయాలకు మందు కూడా తీసుకువెళ్లమని ఇచ్చారట. సమరయుడి కథ తెలిసిన మనకు ఇది పరాయి కథ ఎలా అవుతుంది? పొరుగువాడి నుంచి నేర్చుకుంటే మన విశ్వాసం తగ్గదు.

మన వైపు నుంచి కూడా ఒకటి చెబుతాను. ఇక్కడ రైలెక్కి ధర్మాబాద్, బాసర, నిజామాబాద్ దాటితే డిచ్‌పల్లి వస్తుంది. నూరేళ్ల కిందట అదీ నాందేడూ ఒకే నిజాం రాజ్యంలో ఉండేవి. కుష్ఠు రోగం వస్తే ఇంట్లోంచి, ఊళ్లోంచి వెళ్లగొట్టే రోజులవి. స్కాట్లండ్ నుంచి వచ్చిన వైద్యురాలు ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జ్ కెర్ మెథడిస్టు మిషనరీలు. నిజామాబాద్ ప్రాంతంలో ఆ రోగులను చూసి చిన్నగా పని మొదలుపెట్టారు. రాజా నర్సాగౌడ్ అనే హిందూ దాత పెద్ద విరాళమిచ్చారు. 1915లో డిచ్‌పల్లిలో విక్టోరియా ఆస్పత్రి వెలిసింది. అప్పట్లో ఉన్న వైద్యం చాల్‌మోగ్రా నూనె ఇంజక్షన్లు. నొప్పి ఎక్కువ, నెలల తరబడి ఓపిక పట్టాలి. ఒక్కసారి వచ్చి పళ్లు పంచి వెళ్లేవాళ్లతో జరిగే పని కాదది. 1932లో చనిపోయేదాకా ఆమె ఆ పనిలోనే ఉన్నారు. క్రైస్తవ వైద్యురాలి చేయి, హిందూ దాత డబ్బు కలిస్తే ఆ ఆస్పత్రి నిలబడింది. మంచి పనికి మన సంఘం పేరే ఉండాలని పట్టుబట్టేవాళ్లు దీన్ని గుర్తుపెట్టుకోవాలి.

అయితే ప్రియులారా, పడినవాణ్ని లేపడంతో పని అయిపోదు. యెరికో దారిలో రోజూ ఎవరో ఒకరు పడుతూనే ఉంటే, ఆ దారి అలా ఎందుకుందని అడగాలి. ఆ ప్రశ్న అడిగిన తెలుగు బిడ్డ ఒకరున్నారు, బెజవాడ విల్సన్. కర్ణాటకలోని కోలార్ బంగారు గనుల ఊళ్లో, చేతులతో మలం ఎత్తే పనిలో ఉన్న దళిత కుటుంబంలో పుట్టారు. తన వాళ్ల కష్టం చూసి ఏడ్చి ఊరుకోలేదు. వాళ్లకు సబ్బులు, చేతి తొడుగులు పంచి సరిపెట్టుకోలేదు. అసలు ఆ పనే ఉండకూడదన్నారు. సఫాయి కర్మచారి ఆందోళన్ పేరుతో ఊరూరా తిరిగారు, 2003లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2013లో కొత్త చట్టం వచ్చింది. 1993 నుంచి మురుగు గుంతల్లో చనిపోయినవాళ్ల కుటుంబాలకు 10 లక్షల చొప్పున పరిహారం ఇవ్వాలని 2014లో తీర్పు వచ్చింది. 2023లో కోర్టు దాన్ని 30 లక్షలకు పెంచింది. విల్సన్‌కు 2016లో మెగసెసె అవార్డు ఇచ్చారు. అయినా మనుషులు ఇంకా ఆ గుంతల్లో చనిపోతూనే ఉన్నారు, ఆయన ఇంకా పోరాడుతూనే ఉన్నారు.

ఆ పోరాటంలో ఆయన పక్కన నిలిచిన పెద్దమనిషి ఎస్.ఆర్. శంకరన్, ఆంధ్రప్రదేశ్‌లో పనిచేసిన ఐ.ఎ.ఎస్. అధికారి. పెళ్లి చేసుకోలేదు. తన సంపాదనలో ఎక్కువ భాగం పేద పిల్లల చదువులకే పెట్టారు. వెట్టిచాకిరి నుంచి మనుషులను విడిపించడానికి అధికారాన్ని వాడారు. పద్మభూషణ్ ఇస్తామంటే వద్దన్నారు. విలువ మనిషి జీతంలోకి, సంతకంలోకి దిగితే ఎలా ఉంటుందో ఆయన జీవితం చూపించింది.

ఇప్పుడు మన సంగతికి వద్దాం. 2023 అక్టోబరు మొదట్లో మన నాందేడ్ ప్రభుత్వ ఆస్పత్రిలో 24 గంటల్లో 24 మంది చనిపోయారు. వాళ్లలో 12 మంది అప్పుడే పుట్టిన శిశువులు. మందులు సరిపోతున్నాయా, సిబ్బంది సరిపోతున్నారా అని దేశమంతా అడిగింది. కొన్నాళ్లకు అందరూ మరిచిపోయారు. ఈ ఊళ్లో ఉండే మనం కూడా మరిచిపోతే ఎలా?

కిన్వట్, బిలోలి, దెగ్లూర్ వైపు పల్లెల్లో తెలుగు మాట్లాడేవాళ్లున్నారు. అలాంటి ఒక తల్లి జబ్బు పిల్లను ఎత్తుకుని పెద్దాస్పత్రికి వస్తే, మరాఠీలో ఉన్న కాగితం ఎవరు చదివి పెడతారు? ఏ కౌంటర్ ఎక్కడుందో ఎవరు చూపిస్తారు? మీకు తెలుగు వచ్చు, మరాఠీ వచ్చు, హిందీ వచ్చు. మీరు మామూలుగా చూసే ఆ మూడు భాషలే ఆ తల్లికి నూనె, ద్రాక్షారసం.

అందుకే మిమ్మల్ని మూడు పనులు అడుగుతున్నాను.

మొదటిది, వారంలో రెండు గంటలు ముందే పక్కన పెట్టండి. తీరిక దొరికితే చేస్తానంటే తీరిక దొరకదు. ఇద్దరిద్దరు చొప్పున వంతులు వేసుకుని ఆస్పత్రికి వెళ్లండి. పరీక్షలున్న వారం మీ వంతు ఇంకొకరికి అప్పగించండి, అంతేగాని వంతు తప్పనివ్వకండి.

రెండోది, నెల మొదట్లోనే కొంత డబ్బు విడిగా తీసి పెట్టండి. యాభై రూపాయలైనా సరే. అది ఎవరికి ఇవ్వాలో తేల్చేటప్పుడు వాళ్లు మన సంఘమా, మన కులమా అని చూడకండి. మనలో మాల సంఘం, మాదిగ సంఘం అని వేరుగా కూర్చునే ఊళ్లు ఇంకా ఉన్నాయి. బల్ల దగ్గర కలవనివాళ్లు దారిలో పడినవాణ్ని కలిసి ఎలా ఎత్తుతారు? ఎవరికైనా సాయం చేసినప్పుడు ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టకండి. మనం ఇచ్చిన బియ్యం పదిరోజుల్లో అయిపోతుంది, వాళ్ల ముఖం మాత్రం ఏళ్ల తరబడి ఊరంతా తిరుగుతుంది. చర్చికి వస్తేనే సాయమని ఎవరితోనూ అనకండి. సమరయుడు ఆ గాయపడినవాణ్ని ఏ కొండ మీద ఆరాధిస్తావని అడగలేదు.

మూడోది, ఎందుకు అని అడగడం నేర్చుకోండి. మందు లేదంటే ఎందుకు లేదో అర్జీ రాసి అడగండి. సమాచార హక్కు చట్టం 2005 నుంచి ఉంది. గొడవ పెట్టుకోమనడం లేదు. మర్యాదగా, కాగితం మీద, విడవకుండా అడగమంటున్నాను. దాన్ని రాజకీయమని భయపడకండి. అదీ పరిచర్యే.

ధర్మశాస్త్రోపదేశకుడు తన పొరుగువాడు ఎవడని అడిగాడు. కథ చెప్పిన తర్వాత ప్రభువు ఆ ప్రశ్నను తిప్పి, పొరుగువాడైనది ఎవరని అతణ్నే అడిగారు. పొరుగువాడు ఎవరో వెదికి తేల్చే పని కాదు, మనమే పొరుగువారం కావాలి. ఈ రోజు ఇంటికి వెళ్లాక మీ వారం ఎలా గడుస్తుందో ఒక కాగితం మీద రాసుకోండి. అందులో ఇంకొకరి కోసం ఉన్న గంటలు ఎన్నో లెక్కపెట్టండి. మన విలువలేమిటో ఆ కాగితం చెబుతుంది.

వచ్చే శనివారం నుంచే మొదలుపెడదాం. వంతుల పట్టీ బల్ల మీద ఉంచాను, పేర్లు రాసి వెళ్లండి. ప్రభువు మిమ్మును బలపరచి, మీ చేతి పనిని దీవించును గాక. ఆమేన్.