నోరు లేని జీవి, నోరు విప్పని ఇల్లాలు



"అన్ని బాధలు పడుతూ ఆ ఇంట్లోనే ఎందుకుండడం? పుట్టింటికి వెళ్ళిపోరాదూ?" అని మనం తేలిగ్గా అనేస్తాం. పిల్లల కోసం, పరువు కోసం ఆగిపోయేవారి సంగతి మనకు తెలుసు. పెంచుకున్న కుక్క కోసమో, పిల్లి కోసమో ఆగిపోయే ఇల్లాలి సంగతి మన ఊహకు రాదు. నవ్విపోతారని ఆవిడా చెప్పదు.

ఇందులో నవ్వవలసిందేమీ లేదండీ. భార్యమీద చెయ్యి చేసుకునేవాడికి ఆమె ప్రాణం దేనిమీద ఉందో బాగా తెలుసు. "నువ్వు గడప దాటావో, దీన్ని చంపేస్తాను" అంటాడు. ఆ బెదిరింపు దెబ్బకంటే తక్కువేమీ కాదు. ధైర్యం చేసి బయటపడినా, ఆశ్రయమిచ్చే చోట సాధారణంగా జంతువును రానివ్వరు.

ఈ చిక్కును కొన్ని దేశాలు గుర్తించాయి. అమెరికాలోని మెయిన్ రాష్ట్రం 2006లోనే, బాధితురాలికిచ్చే రక్షణ ఉత్తర్వులో పెంపుడు జంతువునూ చేర్చవచ్చునని చట్టం చేసింది. బ్రిటన్‌లో డాగ్స్ ట్రస్ట్ సంస్థవారు 2004లో ఒక పథకం ప్రారంభించారు. ఇటువంటి ఇళ్ళలోని కుక్కలను కొన్నాళ్ళు వేరే కుటుంబాలలో ఉంచి, ఆమె నిలదొక్కుకున్నాక తిరిగి అప్పగిస్తారు.

మరి మన సంగతి? 2005 నాటి గృహహింస చట్టంలో పెంపుడు జంతువు ప్రస్తావన లేదు. అయితే 19వ సెక్షను కింద స్త్రీధనాన్నీ, ఆమెకు చెందవలసిన ఇతర ఆస్తినీ ఇప్పించమని మేజిస్ట్రేటును కోరవచ్చు. చట్టం దృష్టిలో జంతువూ ఆస్తే కనుక, దాన్నీ అర్జీలో రాయించి అడగాలి. అందుకే టీకాల కార్డు, డాక్టరు చీటీలు ఆమె పేరుతో ఉండడం మంచిది. బయలుదేరేటప్పుడు వాటినీ, జంతువు ఫోటోనూ మరిచిపోకూడదు. జంతువును చంపినా, విషం పెట్టినా భారతీయ న్యాయసంహిత 325వ సెక్షను ప్రకారం అయిదేళ్ళ దాకా జైలుశిక్ష పడవచ్చు. ఆడవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది. సలహాకు 181 నంబరుకు ఫోను చేయవచ్చు.

ఇక మనం చేయగలిగింది చూద్దాం. నాలుగు వారాలు ఆ మూగజీవిని మన ఇంట్లో ఉంచుకోలేమా? పక్కవాటాలో అయితే అతగాడి కంట పడుతుంది. ఊరికి ఆ చివరనున్న మన అక్కో, వదినో అయితే మరీ మంచిది. ఎక్కడున్నదీ పొరపాటున కూడా నలుగురిలో అనకండి. అది ఏం తింటుందో, ఏ మందు వాడాలో ముందే అడిగి రాసిపెట్టుకోండి.

"దాని సంగతి నేను చూసుకుంటానమ్మా, ముందు నువ్వు బయటపడు" అనే మనిషి ఒకరున్నా చాలు, ఆమె గడప దాటగలుగుతుంది.