బీర్‌గావ్ హైస్కూలు: వలస దళిత పిల్లలకు ఏ దారులున్నాయి?

(రాయ్‌పూర్ శివారు బీర్‌గావ్‌లో తెలుగు విద్యార్థులు, అధ్యాపకుల ముందు చేసిన ప్రసంగ పాఠం)



ప్రభుత్వ హైస్కూల్లో ఏమేం చదువులున్నాయి, మన పిల్లలకు ఏ అవకాశాలున్నాయి అన్న విషయం మీద మాట్లాడమన్నారు. చదువుల జాబితా చెప్పడం తేలిక. ఆ జాబితాలో ఉన్నది ఏ పిల్లవాడి చేతికి అందుతుంది, ఎవరికి అందకుండా పోతుంది అన్నది కష్టమైన ప్రశ్న. నేను ఎక్కువగా దాని గురించే మాట్లాడతాను.

మనం కూర్చున్న ఊరు ఎలాంటిదో మీకు తెలుసు. బీర్‌గావ్‌కు ఒకవైపు ఉర్లా, మరోవైపు సిల్తరా. స్పాంజ్ ఐరన్, రోలింగ్ మిల్లులు, ఫర్నేసులు. 2011 జనగణన నాటికే జనాభా లక్షకు చేరువైంది. బీహార్, ఉత్తరప్రదేశ్, ఒడిశా నుంచి వచ్చినవాళ్లతో పాటు మన తెలుగువాళ్లూ ఉన్నారు. ఈ ఊళ్లో ప్రైవేటు బడి ఫీజు కట్టలేని కుటుంబానికి ప్రభుత్వ బడే దిక్కు.

ఆ బడి ఏమిస్తుంది? తొమ్మిది, పది తరగతుల్లో రాష్ట్ర బోర్డు సిలబస్. పదకొండుకు వచ్చేసరికి గణితం, బయాలజీ, కామర్స్, ఆర్ట్స్ లాంటి దారులు. అన్ని బళ్లలో అన్నీ ఉండవు. కొన్ని బళ్లలో తొమ్మిది నుంచే రిటైల్, ఐటీ, ఆటోమొబైల్, హెల్త్‌కేర్ లాంటి వృత్తి విద్యా సబ్జెక్టులు చెబుతున్నారు. 2020లో మొదలైన స్వామి ఆత్మానంద్ ప్రభుత్వ ఇంగ్లిష్ మీడియం బళ్లు ఇంగ్లిష్ చదువు ఇస్తున్నాయి. ఉన్న సీట్ల కంటే దరఖాస్తులు ఎక్కువైతే లాటరీ తీస్తారు. ఇంగ్లిష్ చదువు పేద పిల్లలకు చీటీ వేస్తే తగిలే అదృష్టం ఎందుకు కావాలి అని మనం అడగాల్సిందే. అయినా దరఖాస్తు మాత్రం మానకండి.

ఇంకో చిన్న విషయం. ఛత్తీస్‌గఢ్ బోర్డు పదో తరగతి పరీక్షల టైమ్‌టేబుల్ చూస్తే, మూడో భాష దగ్గర సంస్కృతంతో పాటు తెలుగు పేరు కూడా కనిపిస్తుంది. నేర్పే టీచరు లేకపోతే ఆ పేరు కాగితం మీదే ఉండిపోతుంది. మన పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో సంస్కృతం పరీక్ష రాస్తారు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. విద్యా హక్కు చట్టం పిల్లలకు 14 ఏళ్ల వరకు హామీ ఇస్తుంది. ప్రమాదకరమైన పనుల్లో 18 ఏళ్లు నిండేదాకా పెట్టకూడదని బాలకార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణ చెబుతోంది. చదువు హక్కు ఆగిపోయిన చోటికీ, ప్రమాదకరమైన పనికి వెళ్లడం చట్టబద్ధమయ్యే చోటికీ మధ్య నాలుగేళ్ల ఖాళీ ఉంది. ఆ నాలుగేళ్ల చదువే హైస్కూలు. ఫ్యాక్టరీ గేటు పక్కనే ఉన్న ఊళ్లో ఆ నాలుగేళ్లు పిల్లవాడిని బడిలో నిలబెట్టేది స్కాలర్‌షిప్పు, హాస్టలు, ఆ తర్వాత సీటు వస్తుందన్న నమ్మకం. దళిత పిల్లలకు ఈ మూడూ కుల సర్టిఫికెట్‌తో ముడిపడి ఉన్నాయి.

ఛత్తీస్‌గఢ్‌లో ఎస్సీ సర్టిఫికెట్ కావాలంటే 1950 ఆగస్టు 10 నాటికి కుటుంబం ఈ ప్రాంతంలో నివసించినట్టు ఆధారం చూపించాలి. షెడ్యూల్డ్ కులాల మీద రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చిన రోజు అది. ఓబీసీలకైతే 1984 డిసెంబరు 26. ఉర్లా పారిశ్రామికవాడే 1950లో లేదు. ఆ వాడలో పని కోసం వచ్చిన మనిషి మాత్రం 1950లో ఇక్కడ ఉన్నట్టు కాగితం తేవాలి! ఈ నిబంధన స్థానిక సత్నామీ కుటుంబాలను కూడా తిప్పలు పెడుతుంది. సెంటు భూమి లేనివాడికి మిసల్ అనే పాత భూమి రికార్డులో తాత పేరు ఎక్కడ దొరుకుతుంది? వాళ్లకు గ్రామసభ తీర్మానం అనే ఒక దారి ఉంది. మన పిల్లలకు అదీ లేదు.

ఇది బీర్‌గావ్ ఒక్కదాని కథ అనుకోకండి. దీని మీద వచ్చిన ప్రధానమైన తీర్పు ఒక తెలుగు విద్యార్థి కేసులోనే వచ్చింది. మర్రి చంద్రశేఖరరావు వర్సెస్ డీన్, సేఠ్ జి.ఎస్. మెడికల్ కాలేజీ, 1990. తెనాలిలో పుట్టిన కుర్రాడు. కుటుంబానికి ఆంధ్రప్రదేశ్‌లో ఎస్టీ సర్టిఫికెట్ ఉంది. తండ్రికి ఎస్టీ కోటాలోనే ప్రభుత్వ రంగ ఎరువుల సంస్థలో ఉద్యోగం వచ్చి బొంబాయి చేరారు. కొడుకు అక్కడే బడికి వెళ్లి, మహారాష్ట్ర బోర్డులోనే పన్నెండు పాసయ్యాడు. మెడికల్ సీటు దగ్గరికి వచ్చేసరికి, నువ్వు ఎస్టీవి ఆంధ్రలో, ఇక్కడ కాదు అన్నారు. సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం కూడా అదే చెప్పింది. 341, 342 అధికరణాల్లోని జాబితాలు ఆ రాష్ట్రానికి సంబంధించినవే, రాష్ట్రం దాటితే ఆ హోదా వెంట రాదు అంది. 2018లో బీర్ సింగ్ కేసులో మరో రాజ్యాంగ ధర్మాసనం దీన్నే ఖాయం చేసింది.

అంటే తండ్రికి ఉద్యోగం ఇచ్చిన కుల హోదా కొడుకుకు సీటు ఇవ్వలేకపోయింది. మధ్యలో వాళ్ల కులం మారలేదు. వాళ్లను చూసే చూపు మారిందని ఏ కోర్టూ అనలేదు. మారింది రాష్ట్రం ఒక్కటే.

సరే, సొంత రాష్ట్రానికి వెళ్లి చదువుకోవచ్చు కదా అంటారు. అక్కడ 371డి అధికరణం ఉంది. దాని కింద 1974లో వచ్చిన ఉత్తర్వు ప్రకారం స్థానికుడిగా లెక్కకు రావాలంటే అర్హత పరీక్షకు ముందు వరుసగా నాలుగేళ్లు అక్కడ చదివి ఉండాలి. 85 శాతం సీట్లు స్థానికులవి. బీర్‌గావ్‌లో తొమ్మిది నుంచి పన్నెండు చదివిన అమ్మాయి శ్రీకాకుళంలోనో, ఖమ్మంలోనో స్థానికేతరురాలు అవుతుంది. వైద్య విద్యలో నాలుగేళ్ల నిబంధనను తెలంగాణ 2024లో కట్టుదిట్టం చేసింది, 2025లో సుప్రీంకోర్టు సమర్థించింది. బయటి రాష్ట్రాల్లో పనిచేసే ప్రభుత్వోద్యోగుల, సైనికుల పిల్లలకు మినహాయింపు ఇస్తామని ప్రభుత్వం చెప్పింది. బదిలీ మీద వెళ్లినవాడి పిల్లలకు మినహాయింపు ఉంది, ఆకలి మీద వెళ్లినవాడి పిల్లలకు లేదు. ఈ ఒక్క తేడా మీద పరిశోధన చేయండి, ఒక థీసిస్‌కు సరిపోయే విషయం.

ఇక్కడ బాబాసాహెబ్‌ను తలుచుకోకుండా ఉండలేం. ఆయన 1891లో మౌలో పుట్టారు. బొంబాయిలో మిల్లు కార్మికుల మధ్య చాల్‌లో ఉంటూ ఎల్ఫిన్‌స్టన్ హైస్కూల్లో, అంటే ఒక ప్రభుత్వ బడిలో, చదివి 1907లో మెట్రిక్ పాసయ్యారు. కాలేజీ చదువుకు ఆర్థికసాయం బరోడా సంస్థానం నుంచి వచ్చింది. మౌ ఇవాళ మధ్యప్రదేశ్‌లో ఉంది, ముంబై మహారాష్ట్రలో ఉంది, బరోడా గుజరాత్‌లో ఉంది. ఆయన జీవితం ఇప్పటి మూడు రాష్ట్రాల మీదుగా నడిచింది.

నిజాయితీగా ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. షెడ్యూల్డు ప్రాంతం దాటి వెళ్లిన ఆదివాసికి ఆ రక్షణలు వెంట వస్తాయా అని రాజ్యాంగ సభలో అడిగినప్పుడు, అది కష్టమైన ప్రశ్న అనీ, ఉన్న రాజ్యాంగం ప్రకారం రావనీ బాబాసాహెబే చెప్పారు. సుప్రీంకోర్టు 1990లో ఆ మాటలనే ఉదహరించింది. అయితే తగిన చోట ఈ విషయం లేవనెత్తితే జవాబుగా ఒక నిబంధన చేర్చుకోవచ్చని కూడా ఆయన అన్నారు. మొదటి సగాన్ని కోర్టు తీసుకుంది. రెండో సగాన్ని తీసుకోవాల్సింది మనం. ఆయన మాట్లాడిన కాలానికి కోట్ల మంది ఇలా రాష్ట్రాలు దాటి బతకలేదు. రేషన్ కార్డు ఇప్పుడు దేశమంతా చెల్లుతోంది. వలస కూలీ ఆకలి రాష్ట్రం దాటుతుందని ప్రభుత్వం ఒప్పుకున్నట్టే కదా. అంటరానితనం కూడా రాష్ట్రం దాటుతుందని ఎప్పుడు ఒప్పుకుంటుంది?

చట్టం మారేదాకా పిల్లలు ఆగలేరు. పదో తరగతి ఒక్కసారే వస్తుంది. అందుకని ఇప్పటికే తెరిచి ఉన్న దారులు చెబుతాను, రాసుకోండి.

మొదటిది, ఎన్.ఎం.ఎం.ఎస్. ఎనిమిదో తరగతిలో పరీక్ష. నెగ్గితే తొమ్మిది నుంచి పన్నెండు దాకా ఏడాదికి 12,000 రూపాయలు, నాలుగేళ్లకు 48,000. ప్రభుత్వ లేదా ఎయిడెడ్ బడిలో చదువుతుండాలి, తల్లిదండ్రుల ఆదాయం మూడున్నర లక్షలు దాటకూడదు. దరఖాస్తుకు ఏ కులం వారైనా అర్హులే. పదిలో 60 శాతం (ఎస్సీ, ఎస్టీలకు 55) రాకపోతే ఆగిపోతుంది, ఆ సంగతి పిల్లలకు ముందే చెప్పండి.

రెండోది, ప్రీమెట్రిక్ స్కాలర్‌షిప్పులో రెండో భాగం. చెత్త ఏరేవారు, తోలు పని చేసేవారు, ప్రమాదకరమైన పారిశుద్ధ్య పనివారి పిల్లలకు పదో తరగతి దాకా ఇస్తారు. దీనికి కులంతో పని లేదు, ఆదాయ పరిమితి లేదు. తల్లిదండ్రుల పనికి రుజువు కావాలి.

మూడోది, భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డు. గడిచిన ఏడాదిలో 90 రోజులు పనిచేసిన కార్మికుడు నమోదు కావచ్చు. పిల్లలకు ‘నౌనిహాల్’ స్కాలర్‌షిప్పు ఉంది. ఇక్కడ అడిగేది చేసిన పని, తాత ఊరు కాదు.

నాలుగోది అన్నిటికంటే ముఖ్యం. సొంత రాష్ట్రంలో తండ్రికి ఇచ్చిన సరైన కుల సర్టిఫికెట్ చూపితే, వలస వెళ్లిన రాష్ట్రంలోని అధికారే పిల్లలకు సర్టిఫికెట్ ఇవ్వొచ్చని కేంద్ర హోంశాఖ 1982 నవంబరులో ఉత్తర్వు ఇచ్చింది. ఇది వలస వెళ్లిన రాష్ట్రపు కోటాకు పనికిరాదని 1985లో స్పష్టం చేసింది. కానీ కేంద్ర సంస్థల్లో చెల్లుతుంది. రాయ్‌పూర్ ఎయిమ్స్, రాయ్‌పూర్ ఎన్ఐటీ, భిలాయి ఐఐటీ, బిలాస్‌పూర్ కేంద్రీయ విశ్వవిద్యాలయం మనకు రైలు దూరంలోనే ఉన్నాయి. తండ్రికి సర్టిఫికెట్ లేకపోతే ఈసారి ఊరికి వెళ్లినప్పుడు మీసేవలోనో, సచివాలయంలోనో దరఖాస్తు పెట్టించండి. పిల్లవాడు ఎనిమిదిలో ఉండగానే ఈ పని కావాలి. పన్నెండు పాసయ్యాక మొదలుపెడితే కౌన్సెలింగ్ గడువు దాటిపోతుంది.

అధ్యాపక మిత్రులకు ఒక విన్నపం. స్థానిక సర్టిఫికెట్ లేని వలస దళిత విద్యార్థి బడి లెక్కల్లో ఏ గడిలో పడుతున్నాడు? ఎనిమిది తర్వాత ఎందరు ఆగిపోతున్నారు? ఒక్క బీర్‌గావ్‌తోనైనా మొదలుపెట్టి లెక్క తీయండి. లెక్కలో లేని పిల్లల కోసం ఎవరూ చట్టం చేయరు. షెడ్యూల్డు కులాల జాబితాలో మార్పు చేసే అధికారం పార్లమెంటుకే ఉంది. కాబట్టి మన డిమాండు కూడా అక్కడికే వెళ్లాలి. కనీసం చదువు విషయంలో, పిల్లలు ఎక్కడ బడికి వెళ్తే అక్కడ వాళ్ల కుల హోదా చెల్లాలి. స్థానిక దళితుల వాటా తగ్గకుండా అదనపు సీట్లతో ఇది చేయవచ్చు. సత్నామీ అన్న సీటు మనం అడగడం లేదు, ఆయనతో కలిసి అడుగుతున్నాం.

విద్యార్థులకు చెప్పేది ఒక్కటే. మీలో ఒక్కొక్కరు ఎనిమిదో తరగతి పిల్లలు ఇద్దరిని ఎంచుకోండి. వాళ్ల ఇంటికి వెళ్లి ఏ కాగితాలున్నాయో, ఏవి లేవో చూడండి. పనిని ఈ ఆదివారమే మొదలుపెడదాం.

జై భీమ్.