మూసారాముని సమాధి



హైదరాబాదు నగరమునకు తూర్పు దిక్కున, దిల్‌సుఖ్‌నగరు చెంత, మూసారాంబాగను పేట యున్నది. మూసీనది దాపున నుండుటచే దానికా పేరు కలిగెనని పలువురు తలంతురు. 2018వ సంవత్సరము నుండి అచ్చట మెట్రో రైలు ఆగుచున్నది. ఆగినప్పుడెల్ల బండిలో ఆ పేరు వినబడును. వేలకొలది జనులు దానిని విని, దిగి, తమ దారిని తాము పోవుదురు. ఆ మూసారాముడెవరో ఎరిగినవారు వారిలో బహు కొద్దిమంది. అతడు ఈ దేశస్థుడే కాడు. ఫ్రాన్సు దేశపు సేనాని. అతని సమాధి ఆ పేటకు సమీపముననే, ఆస్మాన్‌గఢ్ మిట్టపై, నేటికిని నిలిచియున్నది. ఈ ప్రసంగము ఆ సమాధి దర్శనమును గూర్చియు, పొలములలో పేరులేక పడియున్న మరికొన్ని సమాధులను గూర్చియు.

మిషెల్ జోకిం మరీ రేమాండ్ 1755లో ఫ్రాన్సు దక్షిణభాగమందలి గాస్కనీ సీమలో జన్మించెను. 1775లో వర్తకము చేయదలచి పుదుచ్చేరికి వచ్చెను గాని, కొలదికాలముననే త్రాసు విడిచి కత్తి పట్టెను. మైసూరు పక్షమున కొంతకాలము, బుస్సీ దొర చెంత కొంతకాలము పనిచేసి, 1786 ప్రాంతమున నిజామ్ అలీఖాన్ కొలువున చేరెను. కొద్దిమందితో ఆరంభమైన అతని దళము క్రమముగా 14,000 మంది వరకు పెరిగెను. ఫిరంగులు పోతపోయు కార్ఖానాను నెలకొల్పెను. నేటి గన్‌ఫౌండ్రీ పేట ఆ కార్ఖానా పేరనే పిలువబడుచున్నది. 1795లో ఖర్డా యుద్ధమున మహారాష్ట్రుల చేత నిజామునకు పరాజయము కలిగెను. ఆ యేటనే ప్రభువుపై తిరుగబడిన రాజకుమారుడు ఆలీజాను అణచి, రేమాండ్ కొలువులో మిక్కిలి ఆప్తుడయ్యెను.

1798 మార్చి 25వ తేదీన అతడు ఆకస్మికముగా మరణించెను. విషప్రయోగము జరిగెనని కొందరనిరి. అదే సంవత్సరము సెప్టెంబరు 1న నిజాము ఇంగ్లీషువారితో సంధి చేసికొనెను. అక్టోబరు 22న ఫ్రెంచి దళమంతయు ఆయుధములు క్రింద పెట్టెను. పండ్రెండేండ్లు శ్రమించి నిర్మించిన సేన ఏడు నెలలు నిండకమునుపే చెదరిపోయెను. సమాధిని కనిపెట్టుకొని యుండవలసిన తోడి ఫ్రెంచివారు దేశము విడిచి పోయిరి.

ఇక ఆ సమాధిని చూడబోవువాని కంటికి కనబడునదేమి? ఒకనాడు పట్టణమునకు వెలుపలనుండిన ఆ మిట్టకు నేడు నలువైపులను ఇండ్లే. పైకెక్కినంతనే విశాలమైన తిన్నె యొకటి ఎదురగును. దానిపై నల్లరాతి స్తంభము, సుమారు 23 అడుగుల ఎత్తు గలది, నాలుగు పలకలుగా లేచి, పైకి పోను పోను సన్నగిలి మొనదేరి యుండును. ఐగుప్తు దేశపు పురాతన స్తంభముల పోలిక యది. దానిపై బిరుదులు లేవు, యుద్ధముల పట్టిక లేదు. అతని పేరునకు గుర్తుగా ‘జే’, ‘ఆర్’ అను రెండక్షరములు మాత్రము చెక్కబడియున్నవి. ప్రక్కనే గ్రీకు దేవాలయపు తీరున 28 కంబముల మంటపము. 2001లో కురిసిన పెనువానకు ఆ మంటపము కూలిపోగా, పిమ్మట దానిని మరల నిలబెట్టిరి.

బంధువులు లేక, సేన లేక, సొంత దేశపు అండ లేక, ఈ పరాయివాని సమాధి ఇన్నాళ్లెట్లు నిలిచెను? చుట్టుపట్ల జనులే దానిని నిలిపిరి. ముసల్మానులు అతనిని ‘మూసారహీమ్’ అనిరి. హిందువులు ‘మూసారామ్’ అనిరి. ‘మొస్యే రేమాండ్’ అను పలుకరాని పేరును ఎవరి నాలుకకు వచ్చినట్లు వారు దిద్దుకొని, తమవానినిగా చేసికొనిరి. ఏటేట అతని వర్ధంతినాడు అచ్చట ఉరుసు జరుగుచుండెను. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ ఆనాడు సమాధికొక చుట్టల పెట్టెను, ఒక బీరు సీసాను పంపుచుండెడివాడని చెప్పుకొందురు. 1940వ దశకము వరకు సాగిన ఆ ఉరుసు తరువాత నిలిచిపోయినను, పేటకు పేరు మిగిలినది. నూరు నూటయేబది యేండ్లు జనులు వచ్చి దీపము పెట్టిన చోటును పడగొట్టుటకు ఎవరికి చేయి వచ్చును?

పేరు మిగిలిన సమాధి కథ ఇది. పేరు మిగులని సమాధుల కథ మధ్యధరా సముద్రమందలి మాల్టా దీవిలో కలదు. అచ్చట పావోలా పట్టణమున 1902లో ఇండ్లకు నీటి తొట్లు త్రవ్వుచుండగా, నేలలోపల సున్నపురాతిని మూడంతస్తులుగా తొలిచిన శ్మశానమొకటి బయటపడెను. దాని పేరు హల్ సఫ్లియేని. అది క్రీస్తుకు పూర్వము 4000 మొదలు 2500 వరకు గల కాలమునాటిది. సుమారు ఏడువేల మంది అస్థికలు అందుండెనని పండితుల అంచనా. పని ఆగిపోవునను భయమున కూలీలు మొదట దానిని దాచిపెట్టిరట! తరువాత మాన్యుయెల్ మాగ్రి యను మతగురువు త్రవ్వకము సాగించెను. ఆయన 1907లో ట్యునీషియా దేశమున మరణించెను. ఆయన వ్రాసిన నివేదిక దొరకనే లేదు. ఏ ఎముక ఏ మూలనుండెనో, దాని ప్రక్కన ఏ వస్తువుండెనో, ఆ కాగితములతోనే పోయినది. నేడు ఆ శ్మశానమును చూచుటకు గంటకు పదిమందిని మాత్రమే లోనికి విడుతురు. ఊపిరి ఆవిరికి గోడలపై ఎర్రని రంగుగీతలు చెడునని అంత జాగ్రత్త. ఆ జాగ్రత్త మొదటి దినముననే ఉండినచో ఎంత చరిత్ర మిగిలెడిదో!

అట్టి ప్రాచీన శ్మశానములు తెలంగాణములోను కొల్లలుగా నున్నవి. గుండ్రముగా పేర్చిన బండలు, వాని నడుమ రాతిపెట్టెలు, పెట్టెలలో నలుపు ఎరుపు కుండలు, ఇనుప పనిముట్లు. పల్లెజనులు వానిని రాక్షసగుళ్లందురు. హైదరాబాదు చెంతనే మౌలాలియందును, హష్మత్‌పేటయందును అవి కనబడినవి. సిద్దిపేట జిల్లా నర్మెటలో 2017లో త్రవ్వగా, ఒక సమాధిపై నలుబది టన్నులకు మించిన కప్పురాయి యుండెను. యంత్రములు లేని ఆ కాలమున, చనిపోయిన ఒక మనిషి కొరకు ఊరు ఊరంతయు కూడి అంతటి రాతిని కదలించెను. ఆ మనిషి పేరు తెలియదు. ఆ ఊరి ప్రేమ మాత్రము రాతిలో మిగిలినది.

కృష్ణానది యొడ్డున ముడుమాల్ గ్రామమున ఆ కాలపు నిలువురాళ్లున్నవి. జనులు వానిని నిలురాళ్ల తిమ్మప్ప యని, ఒకదానిని ఎల్లమ్మయని కొలిచిరి. కనుక అవి నిలిచినవి. 2025లో ప్రపంచ వారసత్వ స్థలముల తాత్కాలిక పట్టికకు ఎక్కినవి. కొలిచినవారు లేని చోట్ల బండలు పగిలి ఇంటి పునాదులలోను, రోడ్ల కంకరలోను చేరినవి. కొన్నింటిని గుప్తధనమున్నదను దురాశతో రాత్రివేళ త్రవ్వి పాడుచేసిరి. కుండపెంకులు తప్ప వారికేమియు దొరకలేదు. ఆ పెంకులు చెప్పవలసిన కథయు చెడినది.

ఉరుసులు మరల ప్రారంభించుమని ఎవరును కోరనక్కరలేదు. గ్రంథాలయము చేయగల పని వేరొకటి యున్నది. ఊరిలెక్కలలో చెరువునకు, బాటకు, బంజరునకు పద్దు గలదు, రాక్షసగుళ్లకు లేదు. కనుక గ్రంథాలయమున ఒక పుస్తకము పెట్టవలెను. ఊరి పొలిమేరలో పాతరాయి ఎచ్చట నున్నది, ఏ సర్వే నంబరు, ఎన్ని బండలు, వలయమెన్ని అడుగుల వెడల్పు, వృద్ధులు దానినేమని పిలుతురు, దానిని గూర్చి ఏ కథ చెప్పుదురు? ఈ సంగతులన్నియు పిల్లలచేత అడిగించి వ్రాయింపవలెను. రాతిని కదపరాదు, త్రవ్వరాదు. వ్రాసిన దానికొక నకలు పురావస్తుశాఖకు పంపవలెను. మాగ్రి కాగితముల గతి పట్టకుండ ఒక నకలు గ్రంథాలయముననే ఉంచవలెను.

మూసారాముని పేరును చదువురాని జనులు నోటితో కాపాడిరి. ఇరువదియైదేండ్లుగా అక్షరమును కొలుచుచున్న ఈ ఊరు కలముతో అంతపని చేయలేకపోదు. రజతోత్సవ వత్సరము ముగియులోగా ఆ పుస్తకమున మొదటి పుట నిండుగాక!