సెలైన్ బాటిల్‌తో పెట్రోలు
(జిన్నింగ్ మిల్లు కార్మికుల సమావేశంలో యూనియన్ కార్యదర్శి ప్రసంగ పాఠం - రాయచూరు)



బోనస్ సంగతి అధ్యక్షులు చెప్పారు. నేను బండి సంగతి చెబుతాను. నవ్వకండి. మాన్వి దారిలోని క్యాంపుల నుంచి, చుట్టుపక్కల పల్లెల నుంచి మనలో చాలామంది బండి మీదే షిఫ్టుకు వస్తున్నాం. బండి మొరాయిస్తే ఆ పూట హాజరు పోతుంది. అందుకే భోజనం బెల్లు కొట్టగానే షెడ్డు వెనక రిపేరు మొదలవుతుంది.

ట్యాంకు విప్పేసి, సెలైన్ బాటిల్లో పెట్రోలు పోసి, పైన వేలాడదీసి, ఆ పైపే కార్బురేటర్‌కు తగిలించడం మనవాళ్ళకు అలవాటు. ఉపాయం మంచిదే. నేనూ చేశాను. దీంతో తప్పు ఎక్కడుందో తేలుతుంది. బాటిల్ పెట్రోలుతో ఇంజను నిలకడగా తిరిగితే ట్యాంకులో తుప్పో నీళ్ళో ఉన్నట్టు, లేదా మూతలో గాలి రంధ్రం మూసుకుపోయినట్టు. అప్పుడు కార్బురేటర్ విప్పి జెట్లు పాడుచేసుకోనక్కర్లేదు.

కానీ కొన్నేళ్ళ కిందట నేను పనిచేసిన మిల్లులో ఏం జరిగిందో పాతవాళ్ళకు తెలుసు. మండుటెండ. స్లో సెట్ చేస్తుండగా పైపు ఊడింది. పెట్రోలు ఇంజను మీద పడి భగ్గుమంది. పది బారల దూరంలో పత్తి కుప్ప! ఇసుక చల్లి ఆర్పాం గనక మిల్లు మిగిలింది. ఆ తమ్ముడి చేతులు రెండూ కాలాయి. ఉద్యోగ గాయమైతే ఈఎస్ఐ కూలిలో 90 శాతం ఇస్తుంది. సొంత బండి పని కాబట్టి సిక్‌నెస్ బెనిఫిట్ కింద 70 శాతమే వచ్చింది. ఎంత తిరిగినా అంతకు మించి ఇప్పించలేకపోయాను.

అందుకని చెబుతున్నాను, వినండి. సెలైన్ పైపు పెట్రోలు కోసం చేసింది కాదు. కొంతసేపటికి బిరుసెక్కి జారిపోతుంది. 2023 నుంచి బంకుల్లోకి 20 శాతం ఎథనాల్ కలిపిన పెట్రోలు వచ్చింది, దానికి పాత రబ్బరు పైపులు కూడా ఆగవు. పెట్రోలు పైపే అడిగి కొనండి, రెండు కొసలకూ క్లిప్పులు బిగించండి. మధ్యలో ఒక కాకు ఉండాలి. బాటిల్ మామూలుగా ట్యాంకు ఉండే ఎత్తులోనే కట్టాలి, సైలెన్సర్‌కు పైన కాదు. పైన చిన్న గాలి రంధ్రం లేకపోతే ధార ఆగిపోతుంది, ఇంజను ఆగిపోతుంది, మీరేమో స్క్రూలు తిప్పుతూ కూర్చుంటారు. పావు లీటరు పోస్తే చాలు.

యెజ్డీ, రాజ్‌దూత్ ఉన్నవాళ్ళు ఇది మరవద్దు. మైసూరులో యెజ్డీ ఫ్యాక్టరీ 1996లో మూతపడ్డా ఆ బండ్లు మన దగ్గర ఇంకా తిరుగుతున్నాయి. అవి టూ స్ట్రోక్. బాటిల్లో ఉత్త పెట్రోలు పోస్తే పిస్టన్ పట్టేస్తుంది. ఆయిల్ కలపాలి. 25కి 1 పాలు అనుకుంటే పావు లీటరుకు 10 మిల్లీలీటర్లు.

ఇంజను బాగా వేడెక్కాకే గాలి స్క్రూ ముట్టుకోండి. ఎక్కడ చురుగ్గా తిరిగితే అక్కడ ఆపి, అప్పుడు స్లో తగ్గించండి. నిలబెట్టి ఎక్కువసేపు తిప్పితే ఇంజను కాగిపోతుంది, గాలి తగలదు కదా. పని కాగానే ముందు కాకు కట్టి, కార్బురేటర్‌లో ఉన్న పెట్రోలు అయిపోయి ఇంజను తానే ఆగాక పైపు తీయాలి.

కొత్త కుర్రాళ్ళకు ఒక మాట. 2020 తర్వాత వచ్చిన బండ్లలో చాలావాటికి కార్బురేటర్ లేదు. పంపు ప్రెషరుతో పెట్రోలు కొడుతుంది. వాటికి బాటిల్ పనిచేయదు, ప్రయత్నించకండి.

ఇక చోటు. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువు, నేల మీద పాకుతూ దూరంగా ఉన్న బీడీ నిప్పును వెతుక్కుంటుంది. దూది ఎగిరే చోట ఈ పని వద్దు. మూసిన షెడ్డులో అసలే వద్దు, పొగకు ప్రాణం పోతుంది. గేటు బయట, వేపచెట్టు అవతల చేసుకోండి. మంట వస్తే నీళ్ళు పోయకండి, పెట్రోలు నీళ్ళ మీద తేలి ఇంకా పాకుతుంది. ఇసుకే వేయాలి.

గేటు పక్కన ఇసుక బకెట్లు పెట్టమని యాజమాన్యానికి ఉత్తరం ఇచ్చాం. నాలుగు వచ్చాయి. వాటిలో పాన్ ఉమ్మేస్తున్నది ఎవరో నాకు తెలుసు, పేరు చెప్పను.